డెకాయ్ ఆపరేషన్‌లో దొరికారు సరే.. కోర్టులో కేసు నిలుస్తుందా?

'సర్వీస్ అపార్ట్‌మెంట్‌పై పోలీసుల దాడి, నిర్వాహకుల అరెస్టు, యువతులకు విముక్తి'. మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్ పేర్లతో ఇలాంటి వార్త మీరు చాలాసార్లు చదివే ఉంటారు. ఆ తర్వాత కోర్టులో ఏమైందన్నది మాత్రం అరుదుగా కనిపిస్తుంది.

2022 డిసెంబరులో సైబరాబాద్ పోలీసులు ఒక పెద్ద ముఠాను పట్టుకున్నారు. వెబ్‌సైట్లలో ప్రకటనలు, కాల్‌సెంటర్లు, వాట్సాప్ గ్రూపులతో నడిచిన ఆ దందాలో 14 వేల మందికి పైగా మహిళలు చిక్కుకున్నారని అప్పట్లో వాళ్లు ప్రకటించారు. అంత పెద్ద దందాలో కూడా ఒక్కో నిందితుడిపై నేరాన్ని విడివిడిగానే రుజువు చేయాలి.

డెకాయ్ అంటే ఏం చేస్తారు?

పోలీసులు ఒకరిని కస్టమర్‌లా పంపుతారు. ఇచ్చే నోట్ల నంబర్లు ముందే రాసి పెట్టుకుంటారు, యూపీఐ అయితే లావాదేవీ వివరాలే సాక్ష్యం. బేరం కుదిరాక సైగ అందుతుంది, బృందం లోపలికి వెళ్తుంది.

ఇది చట్టబద్ధమేనా అంటే, జరుగుతున్న నేరాన్ని పట్టుకోవడానికి వల వేయడం వేరు, చేసే ఉద్దేశం లేని మనిషిని రెచ్చగొట్టి చేయించడం వేరు. సుప్రీంకోర్టు 1956లోనే ఈ తేడా చెప్పింది. అందుకే డిఫెన్స్ లాయర్ తప్పకుండా అడిగే ప్రశ్న: 'ముందు అడిగిందెవరు?' దానికి జవాబు చాట్‌లో ఉంటుంది. నాలుగు స్క్రీన్‌షాట్లు సరిపోవు. మొత్తం చాట్ కావాలి, దానికి భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ప్రకారం సర్టిఫికెట్ కూడా ఉండాలి.

అసలు చిక్కు ఎక్కడంటే..

డెకాయ్ ఆ రాత్రి జరిగిన బేరాన్ని రుజువు చేస్తుంది, అంతే. ఆ అమ్మాయి అక్కడికి ఎలా వచ్చిందో అది చెప్పదు. ఉద్యోగమని పిలిచిందెవరు? టికెట్ కొన్నదెవరు? ఆధార్ కార్డు ఎవరి దగ్గరుంది? అప్పు పేరుతో కదలనివ్వనిదెవరు? ఇవి తేలకపోతే కేసు 1956 నాటి పీటా చట్టం దగ్గరే ఆగిపోతుంది. ఆ చట్టం కింద వ్యభిచార గృహం నడిపితే, మొదటిసారికి ఏడాది నుంచి మూడేళ్ల జైలు, 2 వేల రూపాయల వరకు జరిమానా. హైటెక్ సిటీలో ఆ డబ్బుకు ఒక్క రాత్రి గది దొరకడమే కష్టం! అక్రమ రవాణా రుజువైతే మాత్రం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 143 కింద ఏడు నుంచి పదేళ్లు. బాధితులు ఒకరి కంటే ఎక్కువ మంది ఉన్నా, మైనర్ ఉన్నా కనీసం పదేళ్లు, యావజ్జీవం వరకు వెళ్లొచ్చు. 'ఆమె ఒప్పుకుంది' అనే వాదన ఇక్కడ చెల్లదు.

'విటుల' సంగతేంటి? పీటాలో నిర్వాహకులకు పెట్టే సెక్షన్లు కస్టమర్‌కు వర్తించవని 2014లో ఉమ్మడి హైకోర్టు చెప్పింది. అయితే అక్రమ రవాణా బాధితురాలని తెలిసీ, లేదా అలా అనుకోవడానికి కారణం ఉండీ దోపిడీకి పాల్పడితే సెక్షన్ 144 కింద మూడు నుంచి ఏడేళ్ల శిక్ష ఉంది.

మిమ్మల్నే సాక్షిగా పిలిస్తే?

వారెంటు లేకుండా సోదా చేసేటప్పుడు ఆ ప్రాంతానికి చెందిన ఇద్దరు పెద్దమనుషులు ఉండాలని, వారిలో ఒకరైనా మహిళ కావాలని, కనీసం ఇద్దరు మహిళా పోలీసులు వెంట ఉండాలని పీటా సెక్షన్ 15 చెబుతోంది. మన దగ్గర వీళ్లనే మధ్యవర్తులంటారు. దర్యాప్తు కూడా ఇన్‌స్పెక్టర్ స్థాయికి తగ్గని ప్రత్యేక పోలీసు అధికారి చేయాలి. సాక్షుల నిబంధన తప్పినంత మాత్రాన కేసు దానంతటదే కొట్టుకుపోదని సుప్రీంకోర్టు అన్నా, డిఫెన్స్ పట్టుకునేది అక్కడే. 2024 జులై నుంచి సోదాను వీడియో తీయడం తప్పనిసరి.

రాతపూర్వకంగా పిలిస్తే సరైన కారణం లేకుండా కాదనడం నేరం. వెళ్లండి. మీరు కళ్లారా చూసింది మాత్రమే రాశారో లేదో చదివాకే మధ్యవర్తుల నివేదికపై సంతకం చేయండి. ఖాళీ కాగితం మీద వద్దు. 'స్టేషన్‌కు పిలిచి సంతకం పెట్టించుకున్నారు' అని రేపు మీరే కోర్టులో చెబితే కేసు అక్కడే బలహీనపడుతుంది. సమన్లు రెండు మూడేళ్ల తర్వాత రావచ్చు. ఆలోగా ఇల్లు మారితే కొత్త చిరునామా స్టేషన్‌లో చెప్పండి.

దొరికిన మహిళ నిందితురాలు కాదు

తమ ఇష్టంతో ఈ పనిలో ఉన్న వయోజన మహిళలను దాడుల్లో అరెస్టు చేయకూడదని, వేధించకూడదని 2022 మే 19న సుప్రీంకోర్టు ఆదేశించింది. వారి గుర్తింపు బయటపెట్టొద్దని మీడియాకూ చెప్పింది. కాబట్టి బాల్కనీ నుంచి తీసిన వీడియోను అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టకండి. విచారణ మొదలయ్యేసరికి ఆమె ఏ రాష్ట్రంలోనో ఉంటుంది, నంబరు మారిపోయి ఉంటుంది. ఆమె రాకపోతే సెక్షన్ 143ను నిలబెట్టడం చాలా కష్టం. మేజిస్ట్రేట్ ముందు తొందరగా వాంగ్మూలం ఇప్పించడం, తర్వాత వీడియో కాన్ఫరెన్స్‌లో సాక్ష్యం చెప్పించడం అందుకే ముఖ్యం.

ఫ్లాట్ అద్దెకిచ్చారా?

తెలిసి ఇస్తే యజమాని కూడా నిందితుడే. తెలియకపోయినా చిక్కు ఉంది. బడి, గుడి, ఆసుపత్రి లాంటి వాటికి 200 మీటర్లలోపు ఉన్న ఇంటి విషయంలో మేజిస్ట్రేట్ ఏడు రోజుల నోటీసిచ్చి ఖాళీ చేయించొచ్చు. ఆ తర్వాత ఏడాది పాటు, అక్కడ మైనర్ దొరికి ఉంటే మూడేళ్ల పాటు, మేజిస్ట్రేట్ అనుమతి లేకుండా మళ్లీ అద్దెకివ్వడం కుదరదు. అద్దె ఒప్పందం, అద్దెదారు గుర్తింపు పత్రాలు దగ్గరుంచుకోండి.

అనుమానం ఉంటే మీరే కస్టమర్‌లా ఫోన్ చేసి ఆరా తీయొద్దు. నిర్వాహకులు జాగ్రత్తపడి రాత్రికి రాత్రే అమ్మాయిలను తరలించేస్తారు. 112కు చెప్పండి. మహిళల కోసం 181, పిల్లలైతే 1098.