కంబాలకొండ, సోమిద బెరడు, ఒక కంపెనీ డాక్టరు

హనుమంతవాక దాటి మధురవాడ వైపు హైవే మీద వెళ్తుంటే కనిపించే పచ్చటి కొండలున్నాయి కదా, అదే కంబాలకొండ. 1970 దాకా విజయనగరం మహారాజా వారిది. తర్వాత అటవీ శాఖ చేతికొచ్చింది, 2002లో అభయారణ్యం అయింది. దాదాపు 70 చదరపు కిలోమీటర్లు. ఒకపక్క పోర్టు, స్టీల్ ప్లాంటు, ఇంకోపక్క అపార్ట్‌మెంట్లు, మధ్యలో ఈ అడవి మిగలడమే పెద్ద విషయం.

అడవి అనగానే మనం చిరుతపులి గురించే అడుగుతాం. నాకైతే చెట్ల కథే ఇంట్రెస్టింగ్‌గా అనిపించింది.

1781లో విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లాండ్ డాక్టరు మన సామర్లకోటకి వచ్చాడు. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. ఇక్కడి చిత్రకారులతో మొక్కల బొమ్మలు వేయించాడు, మనవాళ్లు పిలిచే పేర్లు రాసుకున్నాడు. అప్పట్లో జ్వరానికి మందు సింకోనా బెరడు, అది దక్షిణ అమెరికా నుంచి రావాలి. ఇక్కడేమో సోమిద చెట్టు బెరడు ఉంది! దాన్నే బదులుగా వాడొచ్చని ఆయన గట్టిగా చెప్పాడు. 1830లో ఆ చెట్టు జాతికి పెట్టిన శాస్త్రీయ నామం సోయ్‌మిడా, అంటే అచ్చంగా మన తెలుగు పేరే. పేరు చెప్పిన మన ఊళ్ల వాళ్లెవరో మాత్రం ఎక్కడా కనబడరు. నాకు ఇదే గుచ్చుకుంటుంది.

ఇబ్బంది ఎక్కడంటే, బెరడు చుట్టూ ఒలిచేస్తే ఆకుల్లో తయారైన ఆహారం వేళ్లకి దిగదు, చెట్టు చచ్చిపోతుంది.

సర్పగంధ సంగతి ఇంకా ఘోరం. మన వైపు పాతాళగరుడి అని కూడా అంటారు. 1949లో బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ ఇది బీపీ తగ్గిస్తుందని బ్రిటన్ పత్రికలో రాశారు. 1952లో స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీ వేరు నుంచి రెసర్పిన్ వేరుచేసింది. ఇంకేముంది, ప్రపంచమంతా గిరాకీ. మందు ఉండేది వేరులో, వేరు తవ్వితే మొక్కే పోయింది! (ఇంట్లో ప్రయోగాలు చేయకండి బాబూ, బీపీ ప్రమాదకరంగా పడిపోవచ్చు.)

అభయారణ్యంలో అనుమతి లేకుండా మొక్క పీకడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. ట్రెక్కింగ్‌కెళ్లి రీల్ కోసం వేరు పీకి చూపించే తమ్ముళ్లూ, కేసు పెట్టడానికి ఆ వీడియోనే సాక్ష్యం అవుతుంది, చూసుకోండి మరి.