సామర్లకోట కుంపిణీ తోట – పనివారి శ్రమ

లండను నగరమున 1795 మొదలు 1820 వరకు మూడు సంపుటములుగా వెలువడిన ‘కోరమాండల్ తీరపు మొక్కలు’ అను గ్రంథమున 300 చిత్రఫలకములు కలవు. వృక్షశాస్త్ర చరిత్రలో అది మహాగ్రంథము. దాని పుటలు తిరుగవేసిన తెలుగువానికి మోదుగ, ఇప్ప, ముసిడి, ఇండుప, నల్లజీడి, సండ్ర మున్నగు మన పేర్లు రోమను లిపిలో, ఒక్కొక్కచోట వింత రూపములతో, కనబడును. నాందేడు జిల్లా కిన్వటు అడవుల సరిహద్దున వసించు తెలుగువారికిని ఇవి పరిచితమైన పేర్లే. గ్రంథకర్త విలియం రాక్స్‌బర్గు. స్కాట్లండు దేశీయుడైన యీ వైద్యునికి ఆ పేర్లు చెప్పినవారెవరు? చెట్లెక్కి పూవును కాయను కోసి తెచ్చినవారెవరు? ఆయన తోటకు నీరు పోసినవారెవరు? గ్రంథమునకు ముఖపత్రమున్నది గాని అందు వీరి పేర్లు లేవు.

రాక్స్‌బర్గు 1751లో జన్మించి, ఎడింబరోలో జాన్ హోప్ వద్ద వృక్షశాస్త్రము నేర్చి, 1776లో కుంపిణీ వైద్యుడై మదరాసు చేరెను. 1781లో సామర్లకోటకు వచ్చి 1793 వరకు అచ్చటనే యుండెను. సామర్లకోట అప్పుడు సైనికస్థావరము. అచ్చట ఆయన మిరియము, కాఫీ, దాల్చిన, జాజికాయ, జాబరా, బుక్కపుచెట్టు, సీమపనస, రేషమ్ పురుగుల కొరకు కంబళిచెట్టు మొదలగువానిని పెంచెను. కలకత్తా వృక్షవాటిక 1787లో స్థాపితమైనది. కాన సామర్లకోట ప్రయత్నమును భారతదేశమున అట్టివానిలో తొలివాని సరసన లెక్కింపవచ్చును.

తోటపనివారి శ్రమ తెలియుటకు మిరియపు తోట లెక్కయే చాలును. సామర్లకోటకు ఉత్తరమున నున్న కొండలలో ఒక జాతి మిరియము అడవిగా పెరుగుటను రాక్స్‌బర్గు కనుగొనెను. తెలుగువారు దానిని మిరియాల తీగ యనుచుండిరి. ‘కనుగొనెను’ అను మాటను కొంచెము తగ్గించి చదువవలెను. కొండవాసులకు దాని పేరు అప్పటికే తెలిసియుండెను గదా! ఆ తీగలను తెచ్చి నాటగా 1789 నాటికి సుమారు 50 ఎకరములలో నలువది, ఏబది వేల తీగలు పెరిగినవి. ఎకరమునకు ఎనిమిదివందలనుండి వేయి తీగలన్నమాట. ఆ తీగ చెమ్మగల సారవంతమైన నేలను, చెట్ల నీడను కోరును. సెప్టెంబరు, అక్టోబరులలో పూచి మార్చిలో పండును. కనుక ప్రతి తీగకును ప్రాకుటకొక ఆధారము కావలెను, నీడ తప్పకుండ చూడవలెను, ఎండలు ముదురువేళకు గుత్తులు కోయవలెను. వేయి తీగలకు 500 నుండి 1000 పౌనుల కాయ దిగుచుండెను. అనగా ఒక తీగకు అరపౌను మొదలు పౌను వరకు. ఇంత స్వల్పమైన ఫలమును చేతితో ఏరి ఎండబెట్టుట నిలువు కాళ్ళ పని.

ఆడుపూవులు మాత్రమే గల తీగల కాయ సరిగా పండక పచ్చిగానే రాలిపోవుననియు, ఎండినను ఘాటుండదనియు, ఒకే గుత్తిలో ఆడుపూవులు, ద్విలింగ పుష్పములు కలసియున్న తీగల కాయ మిక్కిలి ఘాటనియు రాక్స్‌బర్గు నిర్ణయించెను. వేలకొలది తీగలలో ఏది రాల్చుచున్నదో, ఏది నిలుపుచున్నదో దినదినము చూచెడివారు లేనిదే యిట్టి నిర్ణయము దుర్లభము.

తోట వెలుపలి రైతులును ఆయనకు గురువులే. పెద్దాపురము, పిఠాపురము జమీందారీలలో ఏలేటి యొడ్డున చెరకు పండించు విధానమును ఆయన విపులముగా వ్రాసెను. మూడడుగులు పెరిగిన చెరకునకు క్రింది యాకులను చుట్టబెట్టి, వెదురు గడలకు కట్టి నిలుపు పద్ధతి అందు కలదు. చెరకుతోటలో పని చేసినవారికి ఆ ఆకుల కోత ఎట్టిదో వేరుగా చెప్పనక్కరలేదు.

1787 మే నెలలో కోరంగి తీరమున ఉప్పెన వచ్చెను. రాక్స్‌బర్గు అంతవరకు కూర్చిన ఎండు మొక్కలు, పుస్తకములు ఆ నీటిపాలైనవి. మరల కూర్చుట యనగా మరల కొండలెక్కుట. ఆయన ఒక చిత్రకారుని ఎల్లప్పుడు మొక్కలు వ్రాయుటకే నియమించుకొనియుండెను. ఆకు ఈనెను, గింజ కోతను అంత సూక్ష్మముగా వ్రాసిన ఆ దేశీయుని పేరు సయితము ఫలకములపై లేదు.

ఇంతలో 1790 నుండి 1792 వరకు ఉత్తర సర్కారులలో ఘోరక్షామము. రాక్స్‌బర్గు వ్రాతలలో కెల్ల విలువైనవి ఈ కాలమునకు సంబంధించిన మాటలే యనవచ్చును. చిట్టియీత మొద్దును ఆరు లేక ఎనిమిది చీలికలుగా చీల్చి, ఎండబెట్టి, రోటిలో దంచి, నారనుండి పిండిని విడదీసి, జల్లించి గంజి కాచుకొని జనులు ప్రాణములు నిలుపుకొనిరి. ఆ గంజి చేదుగా నుండుననియు ఆయన వ్రాసెను. కొండలలో జీలుగుచెట్టు దవ్వతో రొట్టెయు జావయు చేసికొనువారు, ఆ చెట్లున్నంతకాలము కరవు బాధ అంతగా పడలేదట. మదరాసునకు వ్రాసిన లేఖలలో ఆయన కొబ్బరి, పనస, అరటి, సీమపనస, సగ్గుబియ్యపుచెట్టు మున్నగువానిని విస్తారముగా నాటింపవలెనని కోరెను. వాణిజ్యమునకై మిరియము పెంచిన తోట పెద్ద, ఆకలి తీర్చు చెట్టును గూర్చి యోచించుట ఈ మూడేండ్ల ఫలము. అట్టి చెట్టేదో ఆయనకు చూపినది గ్రంథములు కావు, ఆకలిగొన్న జనులు.

1793లో రాక్స్‌బర్గు కలకత్తా తోటకు అధిపతియై వెడలెను. ఆయన స్థానమున సామర్లకోటకు వచ్చిన బెంజమిన్ హైన్ కొన్ని యేండ్లకు బెంగుళూరు లాల్‌బాగునకు పోయెను. రాక్స్‌బర్గు 1815లో మరణించెను.

తెలుగు పేరు మాత్రము శాస్త్రములో నిలిచినది. సోమిద చెట్టు పేరు ‘సోయ్‌మిడా’ అని ఒక ప్రజాతికి నామమైనది. సండ్ర పేరు జాతినామముగా చేరినది. 1859లో వాల్టర్ ఎలియట్ మదరాసున ‘ఫ్లోరా ఆంధ్రికా’ను ప్రకటించుచు, ఉత్తర సర్కారుల మొక్కలకు ఊరివారు వాడు పేర్లనే వరుసగా పేర్చి, వానికెదుట శాస్త్రనామములు వ్రాసెను. ఆ పట్టికలో ముందు నిలిచినది తెలుగు మాట. లాటిను పేరు దాని వెనుక వచ్చినది.