అంబాసిడరు – మారుతి

నకిరేకల్ మీదుగా సాగు హైదరాబాదు–విజయవాడ రహదారి రెండు తరముల కార్లను చూచినది. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డు నమూనాపై హిందుస్థాన్ మోటార్సువారు 1957లో ఉత్తరపారాలో అంబాసిడరు తయారీ నారంభించిరి. దీని బరువు సుమారు 1,100 కిలోలు. ముందున్న ఇంజను శక్తి పొడవైన షాఫ్టు ద్వారా వెనుక చక్రములకు చేరెడిది.

1983 డిసెంబరులో వెలువడిన మారుతి 800లో ఇంజను నడ్డముగా అమర్చి, ముందు చక్రములనే త్రిప్పిరి. షాఫ్టు తొలగెను; బండియు చిన్నదయ్యెను; బరువు సుమారు 650 కిలోలకు దిగెను. కావున 796 ఘన సెంటీమీటర్ల ఇంజనే చాలెను. పెట్రోలు ఆదా అయ్యెను.

అయితే తనకన్న బరువైన బండిని ఢీకొన్నపుడు, ద్రవ్యవేగ నియమము ననుసరించి, తేలిక బండి వేగమే ఎక్కువగా మారును. అందలి ప్రయాణికులకే దెబ్బ అధికము. రెండు కార్ల ఉత్పత్తియు 2014లో ఆగినది; ఈ నియమము మాత్రము మారలేదు. చిన్నకారులో పోవువారికి మితవేగము, సీటుబెల్టు మరింత అవసరము.