పిల్లల్లో స్లీప్ ఆప్నియా: ముప్పు ఎవరికి ఎక్కువ?

నిద్రలో గొంతు దగ్గర గాలి దారి మూసుకుపోయి, ఊపిరి పదేపదే ఆగడాన్ని అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా అంటారు. పిల్లల్లో 1 నుంచి 5 శాతం మందికి ఇది ఉంటుందని అంచనా. 1976లో క్రిస్టియన్ గిల్మినో బృందం 8 మంది పిల్లల్లో ఈ సమస్యను వివరంగా నమోదు చేసింది.

పిల్లవాడు గురకపెడితే ‘ఆదమరిచి నిద్రపోతున్నాడు’ అని ఇంట్లోవాళ్లు మురిసిపోతారు. కాస్త దగ్గర కూర్చుని చూడాలి. నోరు తెరిచి, మెడ వెనక్కి వాల్చి పడుకుంటాడు. ఊపిరి లాగినప్పుడల్లా డొక్కలు లోపలికి పోతుంటాయి. గురక ఉన్నట్టుండి ఆగుతుంది. కొన్ని క్షణాల నిశ్శబ్దం తర్వాత ఉలిక్కిపడి గాలి పీలుస్తాడు. తలగడ చెమటతో తడిసిపోతుంది. అది గాఢనిద్ర కాదు, ఊపిరి కోసం పెనుగులాట.

అన్నిటికంటే పెద్ద కారణం టాన్సిల్స్, ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్ వాపు. 2 నుంచి 8 ఏళ్ల మధ్య గొంతు చిన్నది, ఈ కణజాలం పెద్దది. మెలకువలో కండరాలు దారిని తెరిచి ఉంచుతాయి, నిద్రలో అవి సడలుతాయి. 5 నుంచి 9 ఏళ్ల పిల్లలు 464 మందిపై అమెరికాలో జరిగి, 2013లో వెలువడిన అధ్యయనంలో టాన్సిల్స్, అడినాయిడ్స్ తొలగించిన పిల్లల్లో 79 శాతం మందికి నిద్ర పరీక్ష ఫలితాలు మామూలయ్యాయి. ఆపరేషన్ చేయకుండా కనిపెట్టి చూసినవారిలోనూ 46 శాతం మందికి అలాగే జరిగింది. కాబట్టి టాన్సిల్స్ పెద్దవి కాగానే కత్తి పట్టాల్సిన పని లేదు.

ఊబకాయం మరో ముఖ్య కారణం. ఈ పిల్లల్లో ఆపరేషన్ తర్వాత కూడా సమస్య మిగిలిపోవచ్చు. అలాగని బక్కపిల్లలకు రాదనుకోవడం పొరపాటు. ఈ జబ్బు వల్లే సరిగ్గా బరువు పెరగని పసివాళ్లున్నారు.

డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో సగానికి పైగా దీని బారిన పడతారు. ముఖం మధ్యభాగం చిన్నగా, కండరాలు మెత్తగా ఉండటమే కారణం. లక్షణాలు లేకపోయినా వీరికి 4 ఏళ్లలోపు నిద్ర పరీక్ష చేయించాలని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ సూచిస్తోంది. పుట్టుకతో దవడ చిన్నగా ఉన్నవారికి, సెరిబ్రల్ పాల్సీ, కండర క్షీణత ఉన్నవారికి, నెలలు నిండకుండా పుట్టినవారికి ముప్పు ఎక్కువే. మన ఏజెన్సీ ప్రాంతాల్లో కనిపించే సికిల్ సెల్ జబ్బు ఉన్న పిల్లల విషయంలోనూ జాగ్రత్త అవసరం. ముక్కు అలర్జీ, ఇంట్లో పొగాకు పొగ కూడా ఈ ముప్పును పెంచుతాయి.

వారంలో 3 రాత్రులకు మించి గురక వినిపిస్తే, ఫోన్‌లో వీడియో తీసి పిల్లల డాక్టరుకో ఈఎన్‌టీ డాక్టరుకో చూపించండి.