మన ఊపిరి, గోడ మీది బొమ్మలు

మాది కోసిగి. కర్నూలు జిల్లాలో మంత్రాలయం దగ్గర్లో ఉంటుంది. ఎండాకాలం మా ఊళ్ళో బట్టలు ఆరేసి వెనక్కి తిరిగేలోపే ఆరిపోతాయి. గాలిలో తేమ అన్న మాటకి అర్థం నాకు బెంగళూరులో ఉద్యోగంలో చేరాకే తెలిసింది. అలాంటి ఊరివాడు తేమ గురించి టపా రాయడమేంటి అనుకుంటున్నారా? కారణం మా జేజి.

కొన్నేళ్ళ క్రితం శివరాత్రి సెలవులకి జేజినీ, ఇంటిల్లిపాదినీ లేపాక్షి తీసుకెళ్ళాను. వీరభద్రస్వామి గుడి లోపలి మండపంలో జనం ఒకరి మీద ఒకరు పడుతున్నారు. కర్పూరం పొగ, చెమట, దీపాల వేడి. నేను మాత్రం తల పైకెత్తి, చేతిలో కెమెరాతో కప్పు మీది బొమ్మలకి ఫ్లాష్ కొడుతూ ఉన్నాను. జేజి నా చెయ్యి పట్టుకుని, "గాలాడ్డం లేదు రా నాయనా, బయటికి పోదాం పా" అంది. బయటికొచ్చి మంచినీళ్ళు తాగాక, "మనం ఒగ గడియ ఉండలేకపోతిమి, ఆ పైన బొమ్మలు ఎట్లుండాయో పాపం" అంది.

ఆ మాట నన్ను వదల్లేదు. ఇంటికొచ్చి చదవడం మొదలుపెట్టాను.

ముందు చిన్న లెక్క. ఊరికే నిలబడ్డ మనిషి ఒంట్లోంచి సుమారు 100 వాట్ల వేడి వస్తుంది, అంటే పాతకాలపు బల్బంత. ఊపిరి, చెమట కలిపి గంటకి దాదాపు 50 గ్రాముల నీరు గాలిలో కలుస్తుంది. మూసిన మండపంలో 200 మంది గంటసేపు ఉంటే 20 కిలోవాట్ల హీటర్ వేసి, పది లీటర్ల నీళ్ళు ఆవిరి చేసినట్టు. మన సర్వర్ రూమ్‌లో ఎవరైనా ఈ పని చేస్తే ఊరుకుంటామా? అక్కడ చెప్పులు కూడా బయటే విడిపిస్తాం కదా :)

దీని చరిత్ర తెలియాలంటే ఫ్రాన్సు వెళ్ళాలి. 1940లో నలుగురు కుర్రాళ్ళకి లాస్కో గుహ దొరికింది. వేల ఏళ్ళ నాటి ఎద్దులు, గుర్రాలు, నిన్న వేసినంత తాజాగా ఉన్నాయి. 1948లో జనానికి తెరిచారు. 1955 నాటికి రోజుకి 1200 మంది దాకా వచ్చేవాళ్ళు. బయటి గాలిలో ఉండే బొగ్గుపులుసు వాయువుకి దాదాపు వంద రెట్లు మనం వదిలే ఊపిరిలో ఉంటుంది. అది తేమతో కలిసి సున్నపురాయిని కొంచెం కొంచెంగా కరిగించింది. కరిగిన సున్నం మళ్ళీ తెల్లటి పొరలా బొమ్మల మీదే పేరుకుంది. దీపాల వెలుతురుకి పచ్చటి పాచి పట్టింది. 1963లో, ఆంద్రే మాల్రో మంత్రిగా ఉండగా, గుహ మూసేశారు. 1983లో పక్కనే అచ్చం అలాంటి నకలు కట్టి జనాన్ని అందులోకి పంపడం మొదలుపెట్టారు. అక్కడితో కథ అయిపోలేదు. గుహలో గాలిని అదుపు చేసే కొత్త యంత్రం పెట్టాక 2001లో తెల్ల బూజు పట్టింది. ప్రొడక్షన్‌లో ప్యాచ్ వేస్తే ఏమవుతుందో మనకి ఒకరు చెప్పాలా!

చర్చిల సంగతి ఇంకా కష్టం. గుహకి తాళం వెయ్యొచ్చు, ప్రార్థన జరిగే చోటికి ఎలా వేస్తారు? వాటికన్‌లోని సిస్టీన్ చాపెల్‌లో మైకెలాంజెలో బొమ్మల్ని 1980 నుంచి 1994 దాకా శుభ్రం చేశారు. 1990ల మొదట్లో పెట్టిన ఏసీ ఒకేసారి 700 మంది ఉంటారన్న అంచనాతో చేసింది. జనం అంతకంతకూ పెరిగారు. బొమ్మల మీద తెల్లటి పొర కనిపించాక 2014లో కొత్త వ్యవస్థ పెట్టి, ఒకేసారి 2000 మందిని మించనివ్వకూడదని హద్దు గీశారు. కెపాసిటీ ప్లానింగ్ తప్పితే దేవుడి ఇంట్లో కూడా సిస్టమ్ డౌనే. పాడువాలో జొత్తో బొమ్మలున్న స్క్రొవెన్యి చాపెల్‌ది ఇంకో దారి. 2000 నుంచి అక్కడ ఇరవై అయిదు మందిని ఒక జట్టుగా ముందు ఒక అద్దాల గదిలో పదిహేను నిమిషాలు కూర్చోబెడతారు. వాళ్ళ ఒంటి తేమ, దుమ్ము కొంత అక్కడే తగ్గాక లోపలి తలుపు తెరుస్తారు.

ఇది మనకి కొత్తా? తిరుమలలో వైకుంఠం కాంప్లెక్స్ కంపార్టుమెంట్లలో కూర్చోనివాడు మనలో ఎవడున్నాడు? జనాన్ని ఆపి, జట్లుగా వదలడం మనకి బాగా తెలుసు. కాకపోతే మనం అది చేసేది తోపులాట ఆపడానికి, వాళ్ళు చేసేది గోడ కోసం కూడా.

మన దగ్గర పాఠం అజంతాది. అప్పట్లో అది హైదరాబాద్ రాజ్యంలో ఉండేది. నిజాం ప్రభుత్వం 1920-22 మధ్య ఇటలీ నుంచి చెక్కోని, ఓర్సిని అనే నిపుణుల్ని రప్పించి బొమ్మలు ఊడిపోకుండా పనిచేయించింది. వాళ్ళు పూసిన లక్క వార్నిష్ అప్పటికి ఊడేవాటిని పట్టి ఉంచింది కానీ, కాలం గడిచేకొద్దీ పసుపెక్కి రంగుల్ని మసకబార్చింది. తర్వాత మన పురావస్తు శాఖ రసాయన నిపుణులు ఏళ్ళ తరబడి దాన్ని ఓపిగ్గా తీయాల్సొచ్చింది. అజంతా గోడల గార మట్టిది, అందులో ఊక, గడ్డి కలిపారు. తేమ తగిలితే ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది, పైనున్న రంగు పెచ్చులు లేస్తుంది.

అసలు కీలకం అక్కడే ఉంది. గోడలకి తేమ కన్నా తేమలో ఎగుడుదిగుళ్ళు ప్రమాదం. గారలో ఉప్పు చేరితే, మామూలు ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటినప్పుడు కరుగుతుంది, తగ్గినప్పుడు మళ్ళీ గడ్డకడుతుంది. గడ్డకట్టిన ప్రతిసారీ గారని లోపల్నుంచి తోస్తుంది. మన సీమలాంటి పొడి నేలలో ఇది ఇంకా చిక్కు. మామూలు రోజుల్లో గాలి ఎండిపోయి ఉంటుంది, పండగ రోజున మూసిన మండపం ఆవిరి గదిలా మారుతుంది, రాత్రికి మళ్ళీ ఎండిపోతుంది. మన భాషలో చెప్పాలంటే సగటు లోడ్ చూసి సంబరపడకూడదు, సర్వర్‌ని పడగొట్టేది పీక్ లోడ్.

లేపాక్షికొస్తే, అచ్యుతదేవరాయల కాలంలో (1529-1542) పెనుకొండకి చెందిన విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు ఈ గుడిని పెంచారు. కప్పు మీద పార్వతీ కల్యాణం, కిరాతార్జునీయం, వటపత్రశాయి, నిలువెత్తును మించిన వీరభద్రుడు. నాట్యమండపం పక్కలకి తెరిచి ఉంది కాబట్టి అక్కడ మన ఊపిరి గాలికి పోతుంది. అక్కడి బొమ్మలకి పెద్ద శత్రువు రాతి పలకల సందుల్లోంచి దిగే వాన నీరు. లోపలి మండపం అలా కాదు, పొగ, ఆవిరి నిలిచిపోతాయి. అన్ని రోగాలకీ ఒకటే మందు లేదు. ఇంకో చిత్రం, వేలాడే స్తంభం కింద గుడ్డ లాగడానికి అందరూ కిందికి వంగుతారు, పైన అయిదు వందల ఏళ్ళ నాటి రంగులున్నాయని తల ఎత్తేవాళ్ళు తక్కువ. 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాలో ఈ గుడి చేరింది. జనం ఇంకా పెరుగుతారు. మంచిదే, కానీ లెక్క ముందే వేసుకోవాలి.

ఇదంతా జేజికి చెప్పి, "జనాన్ని తగ్గించాలేమో" అన్నాను. ఆమెకి కోపం వచ్చింది. "దేవుణ్ణి చూడొద్దంటే గుడి యాల కట్టినట్ల?" అంది. ఆమె మాటా నిజమే. భక్తులు రాని గుడి మ్యూజియం అవుతుంది. ఆ బొమ్మలు వేసింది మ్యూజియం కోసం కాదు. కాసేపు ఊరుకుని తనే అంది, "కర్పూరం బయట ఎలిగిస్తే దేవునికి కనపడదా ఏమి? లోపలికి కొంతమంది కొంతమంది పోతే సరిపాయె."

పాడువా వాళ్ళు అద్దాల గది కట్టి చేస్తున్న పని మా జేజి రెండు ముక్కల్లో చెప్పేసింది. ఆ తర్వాత రెండుసార్లు లేపాక్షి వెళ్ళాను, రెండుసార్లూ మామూలు రోజునే, పొద్దున్నే. లోపల పది నిమిషాలకి మించి నిలబడలేదు, ఫ్లాష్ కొట్టలేదు. నా ఒక్కడి వంద వాట్లు తగ్గితే ఏమవుతుందని అడగొచ్చు. ఆ రోజు మండపంలో ఉన్నవాళ్ళందరం కూడా ఒక్కొక్కళ్ళమే కదా.