కొండపల్లి కోటలో పేరులేని రాణి

సంక్రాంతికి మనం కొలువులో పెట్టుకునే కొండపల్లి బొమ్మలు అందరికీ తెలుసు. ఆ బొమ్మలకి పొణికి కర్రనిచ్చిన అడవిలోనే, కొండమీద, 14వ శతాబ్దంలో రెడ్డిరాజులు కట్టించిన కోట ఉందని ఎందరికి తెలుసు? విశాఖపట్నం నుంచి బెజవాడ వెళ్ళినప్పుడు చూసివచ్చాం. చాలాచోట్ల మొండిగోడలే.

ఆ గోడల మధ్య నుంచుంటే ఒకావిడ గుర్తొచ్చింది. 1515లో కొండవీడు గెలిచిన శ్రీకృష్ణదేవరాయలవారు, ఆపైన కొండపల్లిని ముట్టడించారు. కోట లొంగాక, ప్రతాపరుద్ర గజపతి భార్యనీ కొడుకునీ బందీలుగా విజయనగరం పంపించారని పోర్చుగీసు గుర్రాల వర్తకుడు న్యూనిజ్ రాశాడు. మన పక్కనున్న విజయనగరం కాదండీ, తుంగభద్ర ఒడ్డున ఉన్న హంపీ విజయనగరం. ఆవిడ పేరు మాత్రం అతను రాయలేదు.

ఆ దండయాత్రలోనే, 1516లో, రాయలవారు మన సింహాచలం వచ్చారు. అప్పన్నకి రాణులు తిరుమలదేవి, చిన్నాదేవి ఇచ్చిన నగలు గుడి శాసనంలో పేర్లతో సహా ఉన్నాయి. గెలిచినవారి ఇల్లాళ్ళ పేర్లు రాతికెక్కాయి. ఓడినవారి ఇల్లాలు వట్టి "రాజుగారి భార్య"గా మిగిలిపోయింది.

ఈసారి కొలువులో రాజూ రాణీ బొమ్మలు పెట్టేటప్పుడు, పిల్లలకి ఆవిడ కథ కూడా చెప్పండి. పేరు దొరకనంత మాత్రాన బ్రతుకు లేకపోలేదు కదా!