సెగగడ్డ వస్తే సిగ్గెందుకు?



హాస్టల్లో ఒకడికి సెగగడ్డ లేస్తే కొన్నాళ్లకు పక్క మంచం వాడికీ లేస్తుంది. బయట జనం వెంటనే "హాస్టల్ పిల్లలు, శుభ్రం ఉండదు" అనేస్తారు. ఆ మాట పడలేక మనోళ్లు గడ్డను చొక్కా కింద దాచుకుంటారు. ఈ జబ్బు చరిత్ర ఒకసారి చూడండి.

సెగగడ్డలు ఎక్కువగా స్టాఫ్ అనే బ్యాక్టీరియా వల్ల వస్తాయి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ పది మందిలో సుమారు ముగ్గురి ముక్కులో అది ఉంటుంది. 1928లో లండన్‌లో ఫ్లెమింగ్ స్టాఫ్ పెంచుతున్న పళ్లెంలో బూజు పడితే పెన్సిలిన్ బయటపడింది. 1940లలో అది మందుగా వాడకంలోకి వచ్చింది. కొన్నేళ్లకే పెన్సిలిన్‌ని విరగ్గొట్టే స్టాఫ్ ఆస్పత్రుల్లో పెరిగిపోయింది.

తర్వాతి మందు కథలో మన పక్క ఊరాయన ఉన్నారు. రాజోలు దాటి చించినాడ వంతెన ఎక్కి, పాలకొల్లు మీదుగా పోతే భీమవరం. అక్కడ 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లే కంపెనీ పరిశోధనకు పెద్దగా ఉన్నారు. ఆ బృందంలోని బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీశారు. 1948లో అది లోకానికి తెలిసింది. అదే ఏడాది సుబ్బారావు గారు పోయారు. 1950లలోనే దానికీ లొంగని స్టాఫ్ వచ్చింది. 1960 ప్రాంతంలో మెథిసిలిన్ వస్తే, 1961కల్లా ఇంగ్లండ్‌లో దానికీ లొంగనిది దొరికింది. దాన్నే ఎంఆర్‌ఎస్‌ఏ అంటారు.

ఇది పేదోళ్ల జబ్బు అనుకుంటున్నారా? 2003లో అమెరికాలో సెయింట్ లూయిస్ రామ్స్ అనే ఫుట్‌బాల్ జట్టులో ఐదుగురు ఆటగాళ్లకు ఎంఆర్‌ఎస్‌ఏ గడ్డలు లేచాయి. కోట్లు సంపాదించే జట్టు అది. విచారిస్తే, ఆటగాళ్లు ఒకే తువ్వాలు ముగ్గురేసి కూడా వాడుతున్నారని తేలింది.

అంటే కులం కాదు, డబ్బు కాదు. ఒకరి ఒళ్లు తాకినది ఇంకొకరు వాడటం, మందును ఇష్టమొచ్చినట్టు మింగడం, ఇలాంటివే దారులు. మందు వేస్తే లొంగేవి చస్తాయి, లొంగనివి మిగిలి పెరుగుతాయి. తక్కువ మోతాదు వాడొద్దని ఫ్లెమింగ్ 1945లోనే నోబెల్ ప్రసంగంలో హెచ్చరించాడు. మనం మాత్రం మెడికల్ షాపులో రెండు మాత్రలు అడిగి తెచ్చుకుంటున్నాం.

కాబట్టి గడ్డను పిండొద్దు, గుడ్డ కట్టి డాక్టరుకి చూపించండి. తువ్వాలు, బ్లేడు ఎవరివి వాళ్లకే ఉండాలి. వార్డెన్ గారిని సబ్బు, నీళ్లు, మంచాల మధ్య ఎడం అడగండి. అడగడం మన హక్కు, సిగ్గు పడాల్సింది ఏమీ లేదు.